అలాస్కాలో ఎలుగుబంట్లు: బ్రూక్స్ జలపాతమా, డెనాలీనా?

ఎలుగుబంట్లను తనివితీరా చూడాలంటే కాట్మై నేషనల్ పార్కులోని బ్రూక్స్ జలపాతమే. జులైలో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ పైకి ఎగురుతాయి. అంచున నిలబడ్డ ఎలుగుబంట్లు వాటిని గాల్లోనే నోట కరుచుకుంటాయి. పెద్ద మగది వస్తే చిన్నవి మంచి చోటు వదిలి పక్కకు తప్పుకుంటాయి. చేపల వేట కన్నా ఈ పెత్తనమే నాకు ఎక్కువ ఆసక్తి. సెప్టెంబరులో అయితే బాగా కొవ్వు పట్టి కనిపిస్తాయి. అక్కడికి రోడ్డు లేదు, నీటి మీద వాలే చిన్న విమానంలోనో పడవలోనో వెళ్లాలి. ఖర్చు ఎక్కువే. దిగగానే భద్రతా పాఠం తప్పనిసరి.

డెనాలీ నేషనల్ పార్కులో చాలావరకు బస్సులోంచే చూడాలి. గ్రిజ్లీ ఎలుగుబంట్లతో పాటు మూస్ అనే భారీ దుప్పి, కారిబూ అనే రెయిన్‌డీర్, డాల్ అనే తెల్ల కొండగొర్రెలు, అదృష్టముంటే తోడేలు. దూరంగా ఉంటాయి, బైనాక్యులర్స్ ఉండాల్సిందే. 2021లో కొండచరియ జారడంతో 43వ మైలు దగ్గర పార్కు రోడ్డు మూసేశారు. ఎంతవరకు తెరిచారో కనుక్కుని బయల్దేరండి. రకరకాల జంతువులు కావాలంటే ఇదే మేలు.