తాగుడు మానేశాక ఎక్కడ ఉండాలి? బెంగళూరు సోబర్ హౌస్‌లో ఏడాదికి పైగా ఉన్నాక

ఆసుపత్రిలో వణుకు తగ్గిస్తారు, ఫిట్స్ రాకుండా చూస్తారు, విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇస్తారు. డిశ్చార్జి అయ్యాక సాయంత్రం ఆరింటికి ఎక్కడికి పోవాలో మాత్రం చీటీలో రాసివ్వరు. నాకున్నది మడివాళలోని పాత పీజీ. కింద ఎమ్మార్పీ వైన్‌షాపు, గదిలో పాత జట్టు. అందుకే కొత్తనూరు వైపున్న ఈ సోబర్ హౌస్‌లో, అంటే తాగుడు మానేసినవాళ్ళు కలిసి ఉండే ఇంట్లో, చేరాను. పేరు రాయను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

చాలామంది దీన్ని రీహాబ్ అనుకుంటారు. రీహాబ్‌లో మామూలుగా గేటుకి తాళం ఉంటుంది. ఇక్కడ తాళంచెవి మన జేబులోనే ఉంటుంది. పొద్దున ఆఫీసుకి పోవచ్చు, ఫోన్ మన దగ్గరే ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా రావాలి, రాగానే చెప్పుల స్టాండు మీదున్న బ్రెత్ ఎనలైజర్‌లో ఊదాలి. ఎప్పుడడిగినా యూరిన్ టెస్టుకి సరేననాలి. అద్దె మామూలు పీజీ కంటే ఎక్కువే.

ఆ డబ్బు దేనికంటే, నా మటుకు వంటింటికి. ఏడింటికి ఇద్దరిద్దరం వంతులేసుకుని వంట చేస్తాం. నా జతగాడు హిందూపురం పెద్దాయన, ఒకప్పుడు బస్సు నడిపేవాడు. "ఎర్రగడ్డలు అంత లావుగా కోస్తే ఎట్లప్పా?" అని రోజూ ఒకటే గొడవ. తాగాలనే గుంజుడు సాధారణంగా అరగంటకి మించి నిలవదని డాక్టర్లు చెప్తారు. కుక్కర్ కూతలేసి, పప్పుకి తాలింపు పడేసరికి ఆ అరగంట దాటిపోతుంది. వారంలో కొన్ని సాయంత్రాలు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం) మీటింగు ఉంటుంది. తాగకుండా ఆపడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ వాడేవాళ్ళు ఆ మాత్ర అందరి ముందే వేసుకోవాలి. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి, ప్రాణం మీదికీ రావచ్చు. దగ్గు సిరప్ కొన్నా సీసా మీద ఆల్కహాల్ ఉందేమో పక్కవాడు చదువుతాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు పక్కవాళ్ళ సీసాలు నేనే చదువుతున్నా.

ఒకతను జీతం పడిన రాత్రి తాగొచ్చాడు. రోడ్డు మీద వదిలేయలేదు, ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. మంచం మాత్రం ఇంకొకరికి ఇచ్చేశారు, తిరిగి చేరాలంటే మళ్ళీ డీటాక్స్ (ఒంట్లోంచి మద్యం దిగేదాకా చికిత్స), మళ్ళీ ఇంటర్వ్యూ. కఠినమే. కానీ ఆ వాసన గదిలో ఉంటే మిగతావాళ్ళ గతేంటి?

ఇక గొడవ మేనేజరుతో. ఈ తరహా ఇళ్ళలో పేరున్నవి అమెరికాలోని ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లు, మేరీలాండ్‌లో 1975లో మొదలయ్యాయి. అక్కడ మేనేజరే ఉండడు. అద్దె, ఖర్చులు, కొత్తవాళ్ళని చేర్చుకోవడం, అన్నీ ఉండేవాళ్ళే ఓటేసి తేల్చుకుంటారు. చికిత్స పూర్తయిన 150 మందిలో కొందరిని ఆ ఇళ్ళకి, కొందరిని మామూలు దారిన పంపి రెండేళ్ళు గమనిస్తే, మళ్ళీ మత్తు వాడినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లకి వెళ్ళినవాళ్ళలో సుమారు 31 శాతం, మిగతావాళ్ళలో 65 శాతం అని 2006లో అచ్చయింది. మా ఇంట్లో ఓటూ లేదు, లెక్కా లేదు. మేనేజరు మూడ్ బాగుంటే ఒక రూలు, లేకపోతే ఇంకో రూలు. మొన్న ఖాళీ చేసినతని అడ్వాన్సులో "పెయింటింగ్" అని కోసేశారు. గోడకి సున్నం పడింది మాత్రం మేమెవరం చూడలేదు.

తెలుగు కౌన్సెలర్ కూడా లేరు. అమ్మ కడప నుంచి వచ్చినప్పుడు కౌన్సెలర్ ఇంగ్లీషులో అడిగినవన్నీ నేనే తెలుగులో చెప్పాల్సొచ్చింది. "మీవాడు ఇంట్లో డబ్బులు తీసేవాడా?" అని అమ్మని నేనే అడగాలి! అమ్మ నా ముఖం చూసి "లేదు" అంది. "తీసేవాడట" అని నేను ఇంగ్లీషులో చెప్పాను.

చేరేవాళ్ళకి ఒక్క మాట. రోజూ తాగుతూ ఉన్నపళంగా మానేసి నేరుగా ఇలాంటి ఇంటికి రావద్దు. మానేశాక వచ్చే వణుకు, ఫిట్స్ లాంటి విత్‌డ్రాయల్ ప్రాణాంతకం కావచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్ళండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌కి మత్తు వ్యసనాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి 14416. అడ్వాన్సు ఎంత తిరిగిస్తారో, ఎందుకు కోస్తారో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. రాయనంటే ఇంకో ఇల్లు చూసుకోండి. వంటింటికి అయిదుకి అయిదు, ఆఫీసు గదికి రెండు.