ఏఐ గుమస్తాతో పద్నాలుగు నెలలు

గుంటూరులో మాది ఐదుగురు పనిచేసే చిన్న పన్నుల సలహా ఆఫీసు. జిన్నింగ్ మిల్లులు, మిర్చి వ్యాపారులు, సిమెంటు డీలర్లు మా ఖాతాదారులు. 2024 డిసెంబరులో ఐదుగురికీ ఏఐ సహాయకుడి చందా కట్టాను. కొత్త మోజు తీరి, ఆ తర్వాత వచ్చిన విసుగు కూడా తగ్గాక రాస్తున్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. రాత పని దానికి అప్పగించవచ్చు, పన్ను సంగతి మాత్రం దాన్ని అడగకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలో తెలియడానికి నాకు పది నెలలు పట్టింది.

రిటర్నులో తేడా ఉందని జీఎస్టీ శాఖ వివరణ అడుగుతూ పంపే నోటీసును ఏఎస్ఎమ్‌టీ-10 అంటారు. మాకు వచ్చేవాటిలో చాలావాటిది ఒకటే గొడవ. ఖాతాదారుడు పన్ను కడుతూ వేసే 3బీ రిటర్నులో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కు (అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకోవడం), సరఫరాదారుల రిటర్నుల నుంచి తయారయ్యే 2బీ పట్టికలో కనిపించే క్రెడిట్‌కు పొంతన లేదంటారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇదివరకు అలాంటి జవాబు ఒకటి రాయాలంటే ఒక మధ్యాహ్నం పోయేది. అందులో లెక్కలకు అరగంట, మిగతాదంతా ఇంగ్లీషు వాక్యాలతో కుస్తీ. ఇప్పుడు తేడాల పట్టికతో పాటు మా వాదన నాలుగు ముక్కల్లో ఇస్తే చిత్తుప్రతి నిమిషాల్లో వస్తుంది. దిద్దుకోవడానికి ముప్పావు గంట చాలు. ఒకసారి శాఖ వాళ్లు అవే కాగితాలు మూడోసారి అడిగితే ఒళ్లు మండి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. సహాయకుడు నా కోపాన్ని తీసేసి, ఆ కాగితాలు ఇదివరకు ఏయే తేదీల్లో ఇచ్చామో మాత్రం వరుసగా పేర్చి పెట్టింది. నా ఉత్తరం కన్నా అదే గట్టిగా తగిలింది.

ఎక్సెల్‌లో కూడా అక్కరకొచ్చింది. సరఫరాదారు బిల్లు నంబరును ఏటవాలు గీతలు, ముందు సున్నాలతో '0045/24-25' అని వేస్తాడు, మా ఖాతాదారుడి పుస్తకంలో ఉత్త '45' ఉంటుంది. రెండింటినీ కలిపే సూత్రం అడిగితే క్షణంలో ఇచ్చింది. అయితే ఆ సూత్రం గీత తర్వాతిదంతా కోసేసి, 23-24లో వచ్చిన 45వ బిల్లును కూడా దానితోనే కలిపేసింది. అది పట్టుకున్నది మా పెద్ద గుమస్తా గారు. ముప్పై ఏళ్లుగా చిట్టాలు చూసిన కన్ను ఆయనది. 'ఒకే బిల్లు రెండుసార్లు ఎలా వస్తుందండీ?' అని ఆ వరుస మీద పెన్సిలు ఆనించారు.

ఇక దెబ్బ తిన్న కథ. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఊరంతా తెలిసిన సంగతే. అక్టోబరు మొదట్లో ఒక డీలరుకు పన్నుతో కలిపి ధరల పట్టిక పంపాలి. మా కుర్రాడు సహాయకుడి చేత చేయించాడు. అది వెబ్‌లో వెతకకుండా పాత రేటు 28 వేసి, కింద 'ప్రస్తుత రేట్ల ప్రకారం' అని కూడా రాసింది. పట్టిక అందంగా ఉంది, కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. డీలరు ఫోను చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి రేటు, గడువు, సెక్షను నంబరు మేమే నింపుతున్నాం. దానికిచ్చే పత్రంలో ఆ మూడింటికీ ఖాళీలు వదులుతాం.

తీర్పుల విషయంలో ఇంకాస్త ముందే జాగ్రత్తపడ్డాం. మూడో నెలలో ఒక హైకోర్టు తీర్పును సంవత్సరం, పేరాతో సహా ఉదహరించింది. ఎంత వెతికినా అలాంటి కేసే లేదు. మేము చందా కట్టిన ఆ డిసెంబరులోనే బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు కనిపించి, దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతటి చోటనే అలా జరిగితే మా ఐదుగురి ఆఫీసు ఎంత?

తెలుగు ఉత్తరాల సంగతి వేరే చెప్పాలి. రైతుల దగ్గర ముడి పత్తి కొంటే పన్ను కొనేవాడే కట్టాలి. దాన్ని రివర్స్ ఛార్జ్ అంటారు, మిల్లుల వాళ్లకు ఆర్‌సీఎం అంటే చాలు. సహాయకుడు దాన్ని 'తిరుగు రుసుము' అని తెనిగించింది. ఉత్తరం అందుకున్న మిల్లు యజమాని 'ఏమండీ, ఆ తిరుగు రుసుము మనకు ఎప్పుడు తిరిగి వస్తుంది?' అని ఆశగా అడిగారు. తిరిగి రావడం మాట దేవుడెరుగు, అది క్రెడిట్ లోంచి సర్దడానికి కూడా వీల్లేదు, నగదుగానే కట్టాలని చెప్పేసరికి ఆయన గొంతు దిగిపోయింది. ఇప్పుడు తెలుగు ఉత్తరాలు పెద్ద గుమస్తా గారే రాస్తున్నారు. ఆయన రాసినవి సగం నిడివిలో ఉంటాయి.

గోప్యత గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది మాకూ ఆలస్యంగా తట్టింది. ఖాతాదారుల పేర్లు, పాన్ నంబర్లు చెరిపేసి మాత్రమే పత్రాలు ఎక్కించాలని మొదటి రోజే నియమం పెట్టుకున్నాం. మా అమ్మాయి ఒకరు శ్రద్ధగా అలాగే చేస్తూ జీఎస్టీ నంబరు మాత్రం వదిలేసేది. ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనకు 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది అక్షరాలూ పాన్ నంబరే! ఆరు నెలల పాటు తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచామన్నమాట. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటి ఏఐ ఉపకరణాలు వాడవద్దని ఆదేశించినప్పుడు అతి జాగ్రత్త అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

చందా ఈ నెలాఖరుకు ముగుస్తుంది. ఐదింటిలో మూడు ఉంచుతున్నాను. కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లకు మాత్రం మొదటి ఏడాది ఇవ్వను. వాళ్లు ముందు పెద్ద గుమస్తా గారి పక్కన కూర్చుని కనీసం ఇరవై నోటీసులకు చేత్తో జవాబులు రాయాలి. వాళ్లకు ఇది నచ్చలేదు. ఆయనకు కూడా నచ్చలేదు, వాళ్ల చేతిరాత చూడలేక.