జంప్‌సీట్ రివ్యూ: డబ్బు అక్కర్లేదు, హామీ అసలే ఉండదు

జంప్‌సీట్ అంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు కుర్చీ, డ్యూటీలో లేని పైలట్లు ఉచితంగా ప్రయాణించడానికి వాడుకునేది. టికెట్ ధర సున్నా, సుఖం కూడా ఇంచుమించు అంతే. ఎయిర్‌బస్ ఏ320 విమానంలో కో-పైలట్ వెనక ఒదిగి ఉండే కుర్చీని మధ్యకు జరిపి లాక్ చేసుకోవాలి. వీపు నిటారుగా ఉంటుంది, వెనక్కి వాలదు. బోయింగ్ 737లో ఇంకా ఇరుకు: కాక్‌పిట్ తలుపు దారికి అడ్డంగా మడత విప్పుకునే సీటు అది. పైలట్లలో ఎవరు బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా మీరు బెల్టులన్నీ విప్పి, లేచి, సీటు మడిచి దారివ్వాల్సిందే. అయినా అమెరికాలో ఒక ఊళ్ళో కాపురం, ఇంకో ఊళ్ళో డ్యూటీ ఉన్న పైలట్లకు ఇదే దిక్కు. అక్కడి తెలుగు పైలట్ల మాటలు విని శంషాబాద్‌లోనూ ఇలాగే నడుస్తుందనుకునేవాళ్ళ కోసమే ఈ రివ్యూ.

అమెరికాలో పద్ధతి తేలికే. గేటు దగ్గర కంపెనీ ఐడీ, పైలట్ లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ చూపాలి. ఏజెంట్ మీ సంస్థ కోడ్, ఉద్యోగి నంబరు ‘క్యాస్’ అనే వ్యవస్థలో కొడితే మీ ఫోటో, అనుమతి తెర మీదికి వస్తాయి. 2001 దాడుల తర్వాత వేరే సంస్థల పైలట్లకు మూసుకుపోయిన కాక్‌పిట్ తలుపు మళ్ళీ తెరుచుకున్నది ఈ వ్యవస్థ వల్లే. ఆ తర్వాత కెప్టెన్‌ని స్వయంగా కలిసి అడగాలి. గేటు దగ్గర ఇచ్చిన అనుమతి స్లిప్పు చేతిలో ఉన్నా చివరి మాట కెప్టెన్‌దే. లోపల ఆక్సిజన్ మాస్కు, బెల్టులు ఎలా వాడాలో చెప్పించుకోండి. పది వేల అడుగుల లోపు అనవసరంగా నోరు విప్పకూడదు. క్యాబిన్‌లో సీటు ఖాళీగా ఉంటే అక్కడే కూర్చోబెడతారు, అదృష్టమనుకోండి.

బెడిసికొట్టేది ఎక్కువగా గేటు దగ్గరే. కొత్తగా చేరినవాళ్ళ వివరాలు కంపెనీ ఇంకా ఎక్కించకపోతే క్యాస్ ‘కాదు’ అంటుంది, అక్కడి ఏజెంట్ చేయగలిగిందేమీ ఉండదు. విమానం బరువు పరిమితికి చేరితే సీటు ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వరు. ఆ సంస్థ సొంత పైలట్ వస్తే మీరు వెనక్కి, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇన్‌స్పెక్టర్ వస్తే ఇద్దరూ వెనక్కి. ఇక క్యాస్ చూసేది ఉద్యోగం ఉందా లేదా అన్నదే, మనసు ఎలా ఉందన్నది కాదు. 2023 అక్టోబరులో హొరైజన్ ఎయిర్ విమానం జంప్‌సీట్‌లో ఉన్న డ్యూటీలో లేని పైలట్ రెండు ఇంజిన్ల ఫైర్ హ్యాండిళ్ళు (మంటలొస్తే ఇంజిన్ ఆపేసేవి) లాగబోయాడు. కెప్టెన్ మిమ్మల్ని రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే నొచ్చుకోకండి.

హైదరాబాద్ సంగతి వేరు. కాక్‌పిట్‌లోకి ఎవరు రావచ్చన్న విషయంలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కఠినంగా ఉంటుంది. 2023లో దుబాయ్–ఢిల్లీ విమానంలో స్నేహితురాలిని లోపలికి రానిచ్చిన ఉదంతంలో పైలట్ లైసెన్సు మూడు నెలలు సస్పెండయింది, సంస్థకు 30 లక్షల జరిమానా పడింది. కాబట్టి వేరే సంస్థ ఐడీ చూపించి కాక్‌పిట్‌లో జంప్‌సీట్ అడగాలన్న ఆలోచన ఇంటి దగ్గరే వదిలేయండి. ఇక్కడ పనికొచ్చేది జెడ్ టికెట్, అంటే విమాన సంస్థల ఉద్యోగులకు తగ్గింపు ధరకు దొరికే స్టాండ్‌బై టికెట్. మీ సంస్థకు ఒప్పందం ఉంటే ఆ ఉద్యోగుల బుకింగ్ సైటు మైఐడీట్రావెల్‌లో పేరు లిస్ట్ చేసి కొనాలి. కూర్చునేది క్యాబిన్‌లోనే, అదీ సీటు మిగిలితే. దూరాన్ని బట్టి ధర తక్కువే గానీ పన్నులు విడిగా పడతాయి. తిరుగు ప్రయాణం లండన్ నుంచైతే ఆ పన్నే నొప్పి తెప్పిస్తుంది.

టికెట్ ప్రింటు దగ్గరుంచుకోండి. టెర్మినల్ ద్వారం దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ళకు స్టాండ్‌బై అంటే ఏమిటో వివరించాల్సి రావచ్చు. ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్రకు బోర్డింగ్ పాస్ కావాలి, మీకు అది వచ్చేది చివర్లో, కాబట్టి డిజియాత్ర లేదనే అనుకోండి. రోజుకు ఒక్కటే విమానం ఉన్న రూటులో మిగిలిపోతే మరుసటి రోజు దాకా ఆగాలి. దుబాయ్ వైపు రోజుకు ఒకటికి మించి ఉంటాయి గనుక అది కాస్త నయం. మధ్యలో ఆగే దేశంలో చిక్కుకుపోతే బయటికి రావడానికి వీసా ఉందో లేదో ముందే చూసుకోవాలి. పెద్ద పెట్టె మాత్రం వద్దు, చేతి సంచితో సరిపెట్టుకుంటే ఆఖరి నిమిషంలో పేరు పిలిచినా నేరుగా గేటుకి పరుగెత్తవచ్చు.