బూడిద ఇటుకలతో ఏళ్ల తరబడి ఇళ్లు కట్టాక

మాది విజయవాడ పక్కన చిన్న కాంట్రాక్టు. జీ ప్లస్ వన్, జీ ప్లస్ టూ ఇళ్లే ఎక్కువ. ఎర్ర ఇటుక మానేసి ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) ఇటుకకు మారి చాలా ఏళ్లయింది, మళ్లీ వెనక్కి వెళ్లను. ఈ మాట ఇటుక గురించి మాత్రమే. అమ్మేవాళ్లందరి గురించీ కాదు.

పొలంలో పైమట్టి తవ్వక్కర్లేదు, ఊకతో బట్టీ కాల్చక్కర్లేదు. బూడిద మాకు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోనే ఉంది. బూడిదలో సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి మన విశాఖలో భానుమతిదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తలు తెచ్చిందే. బట్టీ అవసరం లేదు కాబట్టి చిన్నవాళ్లూ యూనిట్లు పెట్టగలిగారు.

అసలు లాభం సిమెంటు మాలులో తెలుస్తుంది. ఇటుకలన్నీ ఒకే కొలత కాబట్టి లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగు సరిపోతుంది. ఎర్ర ఇటుకైతే వంకరలు కప్పడానికే బోలెడు సిమెంటు పోయేది.

చిక్కంతా పచ్చి ఇటుకతోనే. సరిగా క్యూరింగ్ (తడిపి ఉంచి గట్టిపడనివ్వడం) కాకుండానే లోడు ఎత్తేస్తే, గోడ కట్టాక కుంచించుకుపోయి ప్లాస్టరింగు మీద సన్నని పగుళ్లు వస్తాయి. ఒకసారి వచ్చిన లారీలోంచి నాలుగు ఇటుకలు రాత్రి నీళ్లలో వేసి పొద్దున తీస్తే మూలలు చేతికే రాలాయి. "అందరూ ఇవే కడుతున్నారండీ" అన్నాడు యూనిట్ ఆయన. లోడు వెనక్కి పంపాను. నీరు పీల్చడం 20 శాతం దాటకూడదని ఈ ఇటుకల భారత ప్రమాణం ఐఎస్ 12894లో ఉంది. టెస్టు రిపోర్టు చూపించమంటే చాలామంది మాట మారుస్తారు.

పర్యావరణం మీద సదస్సులకు మమ్మల్ని పిలుస్తారు, టీ ఇస్తారు, ఫైలు ఇస్తారు. మేస్త్రీని మాత్రం పిలవరు. ఎర్ర ఇటుక అలవాటుతో దీన్నీ తొట్టిలో నానబెట్టేది ఆయనే. దీనికి పైన నీళ్లు చల్లితే చాలు. పిల్లరూ గోడా కలిసే చోట చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టాలని ఆయనకు సైటు మీదే చూపించాలి. మాలాంటివాళ్లకు సాయం చేయాలనుకుంటే అక్కడ మొదలుపెట్టండి. దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో తక్కువ ఫీజుకు ఇటుక టెస్టు చేసిపెట్టినా మేలే.

ఇంకొకటి. ఈ గోడలో సుత్తితో మేకు కొడితే పెచ్చు ఊడుతుంది, డ్రిల్లు పెట్టి ప్లగ్గు వేయాలి. ఓనరుకు గృహప్రవేశానికి ముందే చెప్పేస్తాను. లేకపోతే దేవుడి పటాలు తగిలించే రోజున ఫోనొస్తుంది.