నంబరు ప్లేటు లేని ఎలక్ట్రిక్ బళ్లు: రోడ్డు మీద పట్టుకోవాలా, షాపు దగ్గరే ఆపాలా?

సాయంత్రం పూట విశాఖలో మద్దిలపాలెం నుంచి ఇసుకతోట వైపు వెళ్తుంటే నంబరు ప్లేటు లేని ఎలక్ట్రిక్ స్కూటర్లు ఎన్నో కనిపిస్తాయి. చప్పుడు ఉండదు కాబట్టి పక్కకు వచ్చేదాకా తెలియదు. వాటిలో కొన్ని చట్టప్రకారం తిరిగేవే, కొన్ని కావు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటారు అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, ఆ రెండూ ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ ఏజెన్సీ ఖాయం చేస్తే ఆ బండి అసలు మోటారు వాహనం కిందికే రాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. ఈ హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా అది మామూలు స్కూటరే. ఆకుపచ్చ నంబరు ప్లేటు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, నడిపేవాడికి లైసెన్సు అన్నీ ఉండాలి. 25కి లాక్ చేసిన బండికి కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) దగ్గర వైరు తీసేసి 45 దాకా పరిగెత్తిస్తే, కొన్నప్పుడు సరైన బండే అయినా ఆ క్షణం నుంచి అది రిజిస్టర్ కాని మోటారు వాహనం. ఇంకో రకం కూడా ఉంది. మోటారు మీద 250 వాట్లని స్టిక్కర్ ఉంటుంది, లోపల ఉన్నది అంతకు ఎన్నో రెట్లు పెద్దది.

వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పటి దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరమూ దాదాపు అంతే పెరుగుతుంది. 25 వేగానికి సరిపడా బిగించిన చిన్న డ్రమ్ బ్రేకులు, సన్నటి టైర్లు 50 దగ్గర ఏం ఆపుతాయి? పైగా ఇన్సూరెన్స్ లేదు. రోడ్డు దాటుతున్న ఒక పెద్దావిడను అలాంటి బండి గుద్ది కాలు విరిగిందనుకోండి. పరిహారానికి ట్రిబ్యునల్‌కి వెళ్లినా కట్టాల్సింది ఏ కంపెనీయో కాదు, ఆ నడిపిన కుర్రాడే. వాడి దగ్గర ఏముంటుంది? వాడు పారిపోయాడా, పట్టుకోవడానికి నంబరు కూడా లేదు. అలా గుద్ది పారిపోయిన గుర్తు తెలియని వాహనాల కేసుల్లో కేంద్రం 2022 నుంచి ఇస్తున్నది తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు. అంతకు మించి ఆ కుటుంబానికి దిక్కు లేదు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బండి నడిపేవాడు తన రిస్కు తాను తీసుకుంటున్నానని అనుకోవచ్చు గానీ, నష్టం మీద పడేది నడిచి వెళ్లేవాళ్ల మీద.

మరి ఏం చేయాలి? ఊళ్లో మూడు మాటలు వినిపిస్తున్నాయి. జంక్షన్లలో ఆపి సీజ్ చేయాలని కొందరు, అమ్మిన షాపుల్ని పట్టుకోవాలని కొందరు, ఇప్పటికే కొన్నవాళ్లకు గడువిచ్చి బండి సరిచేయించుకోనివ్వాలని ఇంకొందరు.

రోడ్డు మీద పట్టుకోవడం వెంటనే కనిపించే పని. చట్టంలో బలం కూడా ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా, లైసెన్సు లేకపోతే 5 వేలు, ఇన్సూరెన్స్ లేకపోతే 2 వేలు. బండిని ఆపి ఉంచుకునే అధికారమూ ఉంది. జగదాంబ దగ్గర రెండు రోజులు గట్టిగా చెకింగ్ పెడితే భయం పుడుతుంది, అందులో సందేహం లేదు.

కానీ ఆపిన కానిస్టేబుల్‌కి ఏది సరైన బండో ఏది కాదో ఎలా తెలుస్తుంది? పొగ గొట్టం లేదు, శబ్దం లేదు. స్టిక్కర్ మీద 250 అనే ఉంది. లాక్ తీసేసిన వైరు సీటు కింద ఉంటుంది. కొన్నింటికి చిన్న స్విచ్ పెట్టి ఇస్తారు, పోలీసుల్ని చూడగానే నొక్కితే మళ్లీ 25కి వచ్చేస్తుంది. నెదర్లాండ్స్ పోలీసులు దీనికోసం రోలర్లున్న చిన్న యంత్రం వాడతారు. వెనక చక్రాన్ని దాని మీద పెట్టి తిప్పి ఎంత వేగం వస్తుందో రోడ్డు పక్కనే కొలుస్తారు. అలాంటివి మన చెక్‌పోస్టుల్లో రెండు మూడు ఉన్నా పని జరుగుతుంది. అవి లేకుండా చెకింగ్ మొదలుపెడితే జరిగేది ఒకటే. సరైన బండి మీద కూరగాయలు తెచ్చుకునే రిటైర్డ్ మాస్టారినీ, 50 మీద వెళ్లే కుర్రాడినీ ఒకేలా ఆపుతారు. గట్టిగా మాట్లాడగలిగినవాడు బయటపడతాడు, తెలియనివాడు డబ్బు కడతాడు.

ఇంకో సంగతి. సీజ్ చేస్తే ఎక్కువగా దొరికేది ఎవరు? రోజంతా రోడ్డు మీదే ఉండే డెలివరీ కుర్రాళ్లు. పెట్రోలు ఖర్చు భరించలేక, లైసెన్సు గొడవ ఉండదని షాపువాడు చెప్పిన మాట నమ్మి అప్పు చేసి కొన్నవాళ్లు వాళ్లలో చాలామంది. బండి స్టేషన్‌లో ఉంటే ఆ రోజు కూలి లేదు. వాడికి బండి అమ్మిన షాపు మాత్రం మర్నాడు పొద్దున్నే తెరుచుకుని, అదే మాట ఇంకొకరికి చెబుతుంది.

అందుకే నా ఓటు ముందు షాపుకే. ఊళ్లో ఈ బళ్లు అమ్మే దుకాణాలు లెక్కకు దొరుకుతాయి, రోడ్డు మీది బళ్లు దొరకవు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణల్లో 182ఏ సెక్షన్ ఉంది. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని అమ్మినా, మార్చి ఇచ్చినా డీలరుకు బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. అదే సెక్షన్ కింద సొంత బండిని తానే మార్చుకున్న యజమానికి మార్పుకు 5 వేలు, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తే అసలు బాధ్యత ఎవరిదని చట్టం అనుకుందో అర్థమవుతుంది. లక్ష చొప్పున పది బళ్లకు వేస్తే ఏ షాపైనా లాక్ వైరు జోలికి మళ్లీ పోదు.

దీనికి పెద్ద బలగం కూడా అక్కర్లేదు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ షోరూంలోకి వెళ్లి, టెస్టింగ్ ఏజెన్సీ ఇచ్చిన సర్టిఫికెట్ అడిగి, అమ్మకానికి పెట్టిన బండిని స్టాండు మీద కాకుండా మనిషిని ఎక్కించి నడిపి చూస్తే చాలు. వేరే చోట్ల కూడా ఈ దారి పట్టారు. న్యూయార్క్ నగరం బ్యాటరీల మంటలతో విసిగిపోయి, సర్టిఫికెట్ లేని బ్యాటరీలూ ఈ-బైకులూ అమ్మకూడదని 2023లో చట్టం చేసింది. ఆ మరుసటి ఏడాది ఆ రాష్ట్రం మోపెడ్ అమ్మిన షాపే రిజిస్ట్రేషన్ చేయించి ఇవ్వాలంది. బ్యాటరీ సంగతి మనకూ కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. లాక్ తీసేసిన బండి బ్యాటరీ నుంచి లెక్కకు మించిన కరెంటు లాగుతుంది. ఆ బ్యాటరీని మనం ఛార్జింగ్ పెట్టేది పడకగదుల్లో, మెట్ల కింద.

షాపు మీద పడితే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా చాలదు. కంట్రోలర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వీధి చివర మెకానిక్ పావుగంటలో లాక్ తీసి ఇస్తాడు. విశాఖలో ఆ ఆశ పుట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది, మన ఊరి నేల. బీచ్ రోడ్డు నుంచి పాండురంగాపురం మీదుగా సిరిపురం ఎక్కాలన్నా, హనుమంతవాక దాటి ఎండాడ ఎత్తు ఎక్కాలన్నా 250 వాట్ల బండి ఇద్దరితో మూలుగుతుంది. మోటారు వేడెక్కుతుంది, వేగం సైకిలు కంటే తగ్గిపోతుంది, వెనక నుంచి లారీ హారన్. చదును ఊళ్లో ఆ బండితో తృప్తిపడే మనిషి కూడా ఇక్కడ వైరు తీయించుకుంటాడు. ఆ అవస్థ నాకు అర్థమవుతుంది. కానీ దానికి మందు వైరు తీయడం కాదు, మొదట్లోనే ఆకుపచ్చ ప్లేటు బండి కొనడం. జాతీయ రహదారి మీద తిరగాల్సినవాళ్లకు, ఎత్తు మీద ఇల్లు ఉన్నవాళ్లకు తక్కువ వేగం బండి పనికిరాదని షాపువాడు ముఖం మీద చెప్పాలి.

ఆకుపచ్చ ప్లేటుకు ఖర్చు ఎక్కువ అనే భయం కూడా అంత నిజం కాదు. బ్యాటరీ బళ్లకు ఆర్‌సీ ఫీజును కేంద్రం 2021లోనే తీసేసింది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 3 కిలోవాట్లు దాటని ఎలక్ట్రిక్ బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2,466 రూపాయలు. అంటే రోజుకు రూపాయిన్నర కూడా కాదు. బండి ధరలో తేడా ఉన్న మాట నిజమే, ఆ తేడా చాలామందికి బరువే. అయినా ఒక్క యాక్సిడెంట్‌తో నెత్తిన పడే దానితో పోలిస్తే అది చిన్నది.

ఇక మూడో మాట, గడువు. ఇప్పటికే కొన్నవాళ్లు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పోతుంది కదా అని చాలామంది అనుకుంటున్నారు. అది కుదరదు. ఆ మోడల్‌కి వేగమైన బండిగా టైప్ అప్రూవల్ (మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం) లేనప్పుడు రవాణా శాఖ దానికి నంబరు ఇవ్వలేదు. కాబట్టి గడువు ఇవ్వాల్సింది ఒక్కదానికే, బండిని మళ్లీ 25కి లాక్ చేయించుకోవడానికి. ఒక నెలో రెండు నెలలో ఇచ్చి, అమ్మిన షాపే ఉచితంగా లాక్ వేసి, సీలు కొట్టి, రసీదు ఇవ్వాలనాలి. సీలు ఉన్న బండిని ఆపక్కర్లేదు కాబట్టి కానిస్టేబుల్ పని తేలిక, పెద్దవాళ్లకు టెన్షన్ లేదు. స్టిక్కరే అబద్ధమైన పెద్ద మోటారు బళ్లకు మాత్రం ఈ దారి లేదు. వాటిని షాపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందే.

స్కూలు పిల్లల విషయంలో గడువు మాట నేను ఒప్పుకోను. ఎంవీపీ కాలనీలో తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురేసి ఎక్కి ట్యూషన్‌కి వెళ్లడం చూస్తూనే ఉన్నాం. 25 దాటే బండిని మైనర్‌కిచ్చి వాడు నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "బ్యాటరీ బండే కదా" అని తాళం ఇచ్చే నాన్నలకు ఈ సంగతి స్కూలు మీటింగులోనే చెప్పాలి. చెప్పాక కూడా ఇస్తే అక్కడ రోడ్డు మీద ఆపడమే సరైన పని.

వరస నా లెక్కలో ఇలా ఉండాలి. ఈ వారమే షోరూంలూ, లాక్ తీసే మెకానిక్ షాపులూ. వాటితో పాటే కొన్నవాళ్లకు లాక్ వేయించుకునే గడువు. గడువు అయ్యాకే జంక్షన్లలో రోలర్ యంత్రంతో చెకింగ్. సీలు లేని బండి దొరికితే అప్పుడు సీజ్ చేసినా ఎవరూ అన్యాయం అనలేరు. ఈ వరస తిరగేసి చెకింగ్‌తో మొదలుపెడితే మాత్రం నేను దాన్ని సమర్థించలేను.

ఈలోపు మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే ఒక పని చేయండి. ఖాళీ రోడ్డు మీద నిండా యాక్సిలరేటర్ తిప్పి, ఫోన్‌లో జీపీఎస్ వేగం వెనక కూర్చున్నవాళ్లను చూడమనండి. బండి మీటరును నమ్మొద్దు. 25 దాటిందా, బిల్లు తీసుకుని కొన్న షాపుకే వెళ్లండి. లాక్ వేయమని అడగండి. వేశామని బిల్లు వెనక రాసి, స్టాంపు వేసి ఇవ్వమనండి. ఇవ్వనంటే ఆ మాటనే కాగితం మీద పెట్టి రవాణా శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.