టర్బో బిగించిన పాత డీజిల్ పికప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

అంబాజీపేట నుంచి పాలకొల్లుకు కొబ్బరికాయలు తోలే మా పాత డీజిల్ పికప్‌కు టర్బో కిట్ (పొగగొట్టంలోకి పోయే వాయువులతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) బిగించి కొన్నేళ్లుగా వాడుతున్నాం. బలం విషయంలో దానికి వంక పెట్టలేను. అయితే ఆ బలం నిలవాలంటే ఆయిల్ మీద, వేడి మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి.

కోనసీమ అంతా చదును నేల కాబట్టి మామూలు రోడ్డు మీద పెద్ద తేడా తెలియదు. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం, మునుపు నిండు లోడుతో రెండో గేరుకు దిగి నల్ల పొగ కక్కే బండి, ఇప్పుడు మూడో గేరులోనే పైకి చేరుతోంది. గాలి ఎక్కువైనంత మాత్రాన ఈ బలం రాదు, పంపులో డీజిల్ కూడా కొంచెం పెంచాలి. టర్బో లేకుండా తయారైన ఇంజన్‌లో పిస్టన్లూ, హెడ్ గాస్కెట్టూ (ఇంజన్ పైభాగం అతుకులో ఉండే సీలు), రేడియేటరూ అంత భారానికి లెక్కకట్టినవి కావు కనుక, టర్బో నెట్టే గాలిని మేము అర బార్ ఒత్తిడి (మామూలు గాలి పీడనానికి పైన దాదాపు మరో సగం) దాటనివ్వలేదు. ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు టర్బోకు ముందే పెట్టించాం. ముల్లు 650 డిగ్రీల దగ్గరికి వస్తే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గిస్తాను.

అన్నిటికంటే ముఖ్యం టర్బో నుంచి ఇంజన్‌కు ఆయిల్ తిరిగి వచ్చే పైపు. నిమిషానికి లక్ష చుట్లు దాటగల టర్బో ఇరుసును కాపాడేది పలచని ఆయిల్ పొరే. ఆ ఆయిల్ ఒత్తిడితో లోపలికి వస్తుంది గానీ, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి తన బరువుతోనే దిగాలి. మొదట బిగించిన వర్క్‌షాపువారు సన్నపైపును మధ్యలో వంచి పెట్టడంతో, ఆయిల్ దిగక సీలు దాటి నీలి పొగ కమ్మింది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల వేలికి జిడ్డు అంటుకుంది. టర్బో పోయిందని చూసినవారందరూ అన్నారు. భీమవరంలో ఒక పెద్ద మేస్త్రి లావుపాటి పైపును నిటారుగా దింపి, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలిపాక, అదే టర్బో ఇప్పటికీ పనిచేస్తోంది.

లోడు దించడానికి ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచే ఇంజన్ ఆపుతాం; లేకపోతే వేడి టర్బోలో ఆయిల్ మాడి గడ్డ కడుతుంది. దాళ్వా కోతల ధూళిలో ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది.

పెట్రోల్ బండికి ఈ పని నేను సిఫారసు చేయను. టర్బో లేని పెట్రోల్ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలీ ఇంధనమూ ఎన్ని రెట్లు నొక్కుకుపోతాయో చెప్పే లెక్క) ఈ రోజుల్లో 10:1 చుట్టూనో అంతకు పైనో ఉంటుంది. దాని మీద ఇంకా గాలి నెడితే నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా తనంతట తానే పేలడం) వచ్చి పిస్టన్లు దెబ్బతింటాయి. ఏ బండికైనా సరే, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి, కిట్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.