‘వెరీ గుడ్’ అనడం మేలా, గుడ్డు ఒలవనివ్వడం మేలా?

అంగన్‌వాడీలో మా నోట రోజుకి ఎన్ని ‘వెరీ గుడ్’లు రాలతాయో లెక్కే లేదు. పలక మీద గీత గీస్తే వెరీ గుడ్, అన్నం తింటే వెరీ గుడ్, ఏడవకుండా కూర్చుంటే వెరీ గుడ్. తిట్టడం కంటే నయమే. కానీ పిల్లలకి తమ మీద తమకి నమ్మకం కుదరాలంటే అదొక్కటే దారి కాదు. చేసిన పనిని చూసి చెప్పడం ఒకటుంది, అసలు మెచ్చుకోలు పక్కన పెట్టి పనే చేతికివ్వడం ఇంకొకటి.

‘నువ్వెంత తెలివైనదానివో’ అనగానే పిల్ల ముఖం చేటంత అవుతుంది. చిక్కంతా తర్వాతే. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. తెలివిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పజిళ్లు ఎదురయ్యాక డీలా పడ్డారు. మొదట్లాంటివి మళ్లీ ఇచ్చినా వెనకబడ్డారు. కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. వాళ్లు పెద్ద పిల్లలు, మా దగ్గరున్నది ఆరేళ్ల లోపు వాళ్లు, కాబట్టి ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. అయినా ‘బొమ్మలు భలే వేస్తుంది’ అని పేరు పడిన పిల్ల కొత్త బొమ్మ వేయమంటే రంగు పెన్సిల్ కింద పెట్టేయడం నేనూ చూశాను.

నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమెల్‌మన్ బృందం 2014లో చెప్పిన సంగతి నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. పిల్లల చేత చిత్రకారుడు వాన్ గోహ్ వేసిన అడవి గులాబీల బొమ్మ చూసి వేయించారు. కొందరికి ‘బాగుంది’ అనీ, కొందరికి ‘అద్భుతంగా ఉంది’ అనీ రాసిచ్చారు. తమ మీద నమ్మకం తక్కువున్న పిల్లలు ఆ పెద్ద మాట తర్వాత తేలిక బొమ్మలే ఎంచుకున్నారు. మనమేమో ముడుచుకుపోయే పిల్ల మీద జాలిపడి, వెతికి వెతికి పెద్ద పొగడ్త దానికే వేస్తాం!

‘రెండుసార్లు చెరిపి మళ్లీ రాశావే’, ‘రంగు అంచు దాటలేదు చూడు’ లాంటి మాటలు మేలు. కాకపోతే అలా అనాలంటే ముందు చూడాలి. రిజిస్టర్లు, ఫోన్‌లో వివరాలు ఎక్కించే టెన్షన్ మధ్య అందరినీ చూడలేం. రోజుకి ఇద్దరు ముగ్గురు చాలని పెట్టుకున్నాను.

నా ఓటు మాత్రం గుడ్డుకే. మధ్యాహ్నం ఉడికిన గుడ్లు ఆయమ్మ గబగబా ఒలిచి కంచాల్లో వేసేది. నాలుగేళ్ల పిల్ల ఒకతె, నెల దాటినా నోరు విప్పలేదు. ఒకరోజు దాని చేతికి పెంకుతోనే ఇచ్చాను. నేలకేసి కొట్టింది. గోటితో గీకింది. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడొచ్చి, పచ్చసొన బయటపడింది. పది నిమిషాలు పట్టింది. నేనేమీ అనలేదు.

‘ఇలాగైతే గిన్నెలెప్పుడు తోమను టీచరమ్మా?’ అని ఆయమ్మ సణుగుడు. దానిలోనూ న్యాయం ఉంది. అందుకే అందరికీ కాకుండా రోజుకి నలుగురికే ఇస్తున్నాం.

రెండో వారంలో ఆ పిల్ల గుడ్డు నున్నగా ఒలిచి, పక్కనున్న బుడ్డోడి గుడ్డు లాక్కుంది. ‘నీకు రాదు, ఇటియ్యి’ అంది. దాని నోట నేను విన్న మొదటి మాట అదే. అచ్చం ఆయమ్మ గొంతు! ఇప్పుడు ఆ బుడ్డోడి గుడ్డు వాడి చేతికి ఎలా తిరిగి ఇప్పించాలా అని చూస్తున్నాం.